ఫిట్స్ ఉన్న కుక్క, దాన్ని అంటుకుని పడుకునే పిల్లి: గోమార్లకు ఏం వాడాలి?

కరకంబాడి_గట్టు

తిరుపతి, చిత్తూరు వాళ్ళు రవంత చూసి చెప్పండి. ల్యాబ్ క్రాస్ మగకుక్క, ఆరేళ్ళు, 19 కిలోలు. ఫిట్స్ ఉన్నాయి, పొద్దున సాయంత్రం ఫినోబార్బిటోన్ పడతా ఉంది. చర్మం సున్నితం, వారానికోసారి డాక్టరు రాసిన షాంపూతో స్నానం. పిల్లి మూడున్నర కిలోలు, పడుకునేది కుక్క పొట్ట మీదే. కుక్కకు చెవుల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లు, అదే పిడుదులు. తోక మొదట్లో వెంట్రుకలు ఊడేదాకా కొరుక్కుంటా ఉంది. షాపులో నెలకొక నమిలే మాత్ర చాలంటారు. పక్కింట్లో ఆవులున్నాయి, వాళ్ళేమో బ్యూటాక్స్ రెండు మూతలు బకెట్ నీళ్ళలో కలిపి పోసేయమంటారు. ఇంకొకరు కాలర్ కట్టమన్నారు. రెండింటికీ ఇబ్బంది లేనిది ఏది?

మందులపెట్టె

ముందు వద్దనుకోవాల్సినవి పక్కన పెట్టేద్దాం అన్నా, మిగిలినవాటిలో ఎంచుకోవచ్చు.

నమిలే మాత్రలు: నెక్స్‌గార్డ్‌లో అఫోక్సొలానెర్, బ్రేవెక్టోలో ఫ్లూరలానెర్, సింపారికాలో సరోలానెర్. పేర్లు వేరైనా మూడూ ఐసాక్సజొలిన్ జాతివే. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు గోమార్ల మీద ఇంతకంటే బాగా పనిచేసేవి తక్కువ. కానీ 2018 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ జాతి మొత్తానికి హెచ్చరిక ఇచ్చింది. కొన్నింటికి కండరాల వణుకు, తూలడం, ఫిట్స్ వచ్చాయని, అంతకుముందు ఫిట్స్ లేనివాటికి కూడా వచ్చాయని. నిషేధించలేదు, ఫిట్స్ చరిత్ర ఉన్నవాటికి జాగ్రత్త అన్నారు. మీ కుక్క సరిగ్గా ఆ గుంపులోదే. వేరే దారి ఉండగా దీంతో మొదలుపెట్టొద్దు. ఇంకో సంగతి: మింగిన మాత్రను వెనక్కి తీయలేం. నెల మాత్ర నెల, బ్రేవెక్టో అయితే 12 వారాలు ఒంట్లోనే ఉంటుంది.

అమిట్రాజ్, అదే రిడ్ లాంటి డిప్ మందు (నీళ్ళలో కలిపి ఒళ్ళు తడిపేది): ఫిట్స్ కుక్కకు వద్దు, పిల్లి ఉన్న ఇంట్లో అసలే వద్దు.

పర్మెత్రిన్ కలిసిన చుక్కల మందు: కుక్కకు పనికొస్తుంది, పిల్లికి విషం. పొట్ట మీద పడుకునే పిల్లి ఉన్నప్పుడు ఆ మాటే ఎత్తొద్దు. పక్కింటివాళ్ళు చెప్పిన బ్యూటాక్స్ కూడా ఆ జాతిదే, అదీ వద్దు.

ఇక మిగిలేది ఫిప్రోనిల్ చుక్కల మందు, దాని తర్వాత ఫ్లూమెత్రిన్ కాలర్. నేనైతే ఫిప్రోనిల్‌తో మొదలుపెట్టమంటాను. ఏది వేసినా మీ ఫిట్స్ డాక్టరుకు ఒక మాట చెప్పి వేయండి.

పాకాల_పాడి

బ్యూటాక్స్ గురించి అంత భయమెందుకు? మా తట్టు అందరూ కుక్కలకు కూడా అదే పోస్తారు, ఏమీ కాలేదే.

మందులపెట్టె

@పాకాల_పాడి, కానివి కనిపిస్తాయి, అయినవి ఎవరూ చెప్పరు. బ్యూటాక్స్ అంటే డెల్టామెత్రిన్ 1.25 శాతం. మిల్లీలీటరుకు 12.5 మిల్లీగ్రాములు. లీటరు నీళ్ళకు 2 మి.లీ. వేస్తే 25 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 25 పాళ్ళు), 4 మి.లీ. వేస్తే 50. తేడా అంత చిన్న కొలతలో ఉంది. "రెండు మూతలు" అంటే ఏ సీసా మూత? "బకెట్" అంటే పదా, ఇరవయ్యా? ఆవు చర్మం, ఆవు బరువు చూసి లెక్క కట్టిన మందు అది. ఆవు ఒళ్ళంతా నాకదు. కుక్క తడి ఆరేలోపే కాళ్ళు నాక్కుంటుంది. నోట్లోకి పోతే చొంగ, వాంతి, వణుకు. ఈ కుక్కకు వణుకొస్తే అది మందు వల్లా ఫిట్సా అని తేల్చేలోపే తెల్లారుతుంది.

పిల్లి విషయం వేరే. ఈ జాతి మందుల్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కుక్క మీద తడిగా ఉన్నది పిల్లి నాకినా చాలు.

పాకాల_పాడి

సరే, కొలత మాట ఒప్పుకుంటా. అయితే గోమార్లు పక్కింటి ఆవుల కొట్టం నుంచే కదా వస్తా ఉండేది? కొట్టం శుభ్రం చేయకుండా కుక్కకు ఏం పూసినా లాభముండదు.

గచ్చు_గోడ

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆవు మీద జాస్తిగా ఉండే గోమారి వేరు, కుక్క మీద ఉండేది వేరు. ఆవు గోమారి పిల్లగా ఎక్కిందంటే పెద్దయ్యి గుడ్లు పెట్టడానికి దిగేదాకా ఆవు మీదే ఉంటుంది. కుక్కలది గోధుమరంగు కుక్క గోమారి, శాస్త్రం పేరు రిపిసెఫాలస్ సాంగ్వినియస్. ఇది మూడుసార్లు కుక్క ఎక్కుతుంది, మూడుసార్లు దిగుతుంది. పిల్ల ఎక్కి రక్తం తాగి దిగి పొర విడుస్తుంది. మళ్ళీ ఎక్కి తాగి దిగి పొర విడుస్తుంది. పెద్దదయ్యాక ఆఖరిసారి తాగి దిగి గుడ్లు పెడుతుంది. ఒక్కో ఆడది వేలల్లో పెడుతుంది, నాలుగు వేల దాకా. ఈ దిగడాలన్నీ మీ ఇంట్లోనే. ఎండలు, వెచ్చదనం బాగుంటే మొత్తం చక్రం రెండు మూడు నెలల్లో తిరిగిపోతుంది. మన దగ్గర చలి అడ్డుపడేంత ఉండదు కాబట్టి ఏడాదంతా నడుస్తూనే ఉంటుంది.

కొట్టంలో రెండు జాతులకూ ఎక్కే గోమార్లు కొన్ని ఉండొచ్చు. కానీ మీ ఇంటికి తెచ్చిపెట్టేది పక్కింటి ఆవు కాదు, గేటు నీడన పడుకునే వీధి కుక్క.

దిగిన గోమారి నేల మీద ఉండదు, పైకి పాకుతుంది. రాత్రి టార్చి పట్టుకుని వెతకండి: రాతి ప్రహరీ సందులు, గడప పగుళ్ళు, తలుపు చట్రం వెనక, కిటికీ కింద అంచు, కర్టెన్ మడతలు, పటాల వెనక, కుక్క పడుకునే గోనెసంచి కుట్టు. ఆవగింజంత ఎర్రటివి పిల్లలు, మిరియమంత బూడిదరంగువి తాగి ఉబ్బిన ఆడవి. గోడ మీద మనిషి నడుం ఎత్తులో కనిపిస్తే ఇంట్లో కాపురం పెట్టేసిందని అర్థం. ఏమీ తాగకుండానే పెద్ద గోమారి ఏడాది పైన బతుకుతుంది. "కుక్కను నెల రోజులు ఊరికి పంపిస్తే చచ్చిపోతాయి" అనే లెక్క అందుకే తప్పు.

చిత్తూరు_చిన్నక్క

నాకొక అనుమానం. తోక మొదట్లో కొరుక్కోవడం గోమారి పని కాదు. అక్కడ, వెనక తొడల మీద, పొట్ట కింద దురదంటే ఫ్లీలు, అంటే వెంట్రుకల్లో దూకే సన్న పురుగులు. గోమార్లకు చెవులు, వేళ్ళ సందులు, చంకలు, మెడపట్టీ కింద ఇష్టం. మీ కుక్కకు రెండూ ఉన్నట్టున్నాయి.

చూసుకునే పద్ధతి: సన్న పళ్ళ దువ్వెనతో తోక మొదట్లో వెంట్రుకలకు ఎదురు దువ్వండి. రాలిన నల్ల నలుసుల్ని తడిపిన తెల్ల టిష్యూ మీద వేసి వేలితో నొక్కండి. ఎర్రగోధుమ మరక పాకితే అది ఫ్లీ రెట్ట, అంటే అరిగిన రక్తం. మరక రాకపోతే మట్టే.

ఫ్లీ ఒక్కటి కనిపించకపోయినా దురద ఉండొచ్చు. దాని ఉమ్మి పడని కుక్కకు ఒకటి రెండు కుడితే చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. "దువ్వాను, ఏమీ లేవు, చర్మం మందులే మార్చండి" అని వచ్చేవాళ్ళకు చాలాసార్లు కావాల్సింది ఫ్లీ మందే. షాంపూలు మారుస్తూ పోయే ముందు మూడు నెలలు ఆగకుండా ఫ్లీ మందు వేసి చూడాలి.

కరకంబాడి_గట్టు

టిష్యూ పరీక్ష చేశాను, ఎర్రగా పాకింది. ఫిప్రోనిల్ రెండింటికీ పనిచేస్తుందా? వారం వారం షాంపూ స్నానం ఉంది కదా, కడుక్కుపోదా?

మందులపెట్టె

రెండింటికీ పనిచేస్తుంది. ఫ్రంట్‌లైన్ ప్లస్ లాంటి వాటిల్లో ఫిప్రోనిల్‌తో పాటు ఎస్-మెథోప్రీన్ ఉంటుంది, అది ఫ్లీ గుడ్లనూ పిల్లలనూ ఎదగనీయదు. మీకు అదే తీసుకోండి.

కుక్కల పిపెట్లు (చుక్కల మందు నింపిన చిన్న గొట్టాలు) బరువును బట్టి: 10 కిలోల దాకా 0.67 మి.లీ., 10 నుంచి 20కి 1.34, 20 నుంచి 40కి 2.68. మీది 19 కిలోలు, 1.34ది సరిపోతుంది. కానీ గీత మీద ఉన్నారు. ఫినోబార్బిటోన్ తింటే ఆకలి పెరిగి బరువెక్కుతాయి, ప్రతి నెలా తూచండి. కుక్కను ఎత్తుకుని బరువు మిషన్ ఎక్కి, తర్వాత మీ ఒక్కరి బరువు తీసేయడమే. 20 దాటిందంటే పై సైజు. పెద్ద పిపెట్ కొని ఇద్దరికీ పంచడం, చిన్నవి రెండు కలపడం, ఆ లెక్కలు పెట్టుకోవద్దు.

వేసే తీరు: కుక్కను నిలబెట్టి భుజం ఎముకల మధ్య వెంట్రుకలు రెండు వైపులకూ పాయ తీయాలి. తెల్లగా చర్మం కనిపించాలి. పిపెట్ ముక్కు చర్మానికి ఆనించి నొక్కాలి. వెంట్రుకల మీద పోస్తే అక్కడే జిగురుగా గట్టిపడుతుంది, మందు వృథా. పడిన మందు చర్మం నూనెలో కలిసి ఒకటి రెండు రోజుల్లో ఒళ్ళంతా పాకి, నూనె గ్రంథుల్లో నిల్వ ఉండి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. అందుకే వేయడానికి 48 గంటల ముందు, వేశాక 48 గంటలు స్నానం వద్దు. ముందు రోజే షాంపూ రుద్దితే పాకడానికి నూనే ఉండదు.

మీ స్నానం ఆదివారమైతే బుధవారం మందు వేయండి, మళ్ళీ ఆదివారం స్నానం. అయినా వారం వారం రుద్దితే నెలాఖరుకి బలం తగ్గుతుంది. తగ్గిందని నాలుగు వారాల లోపు మళ్ళీ వేయకూడదు. బదులుగా, కడిగేసే షాంపూ స్థానంలో రెండు వారాలకోసారి ఒంటి మీద వదిలేసే నురగ మందో, క్లోర్‌హెక్సిడిన్ తుడుపు గుడ్డలో ఇవ్వగలరా అని చర్మం డాక్టరును అడగండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

పిల్లిని ఆ రోజంతా వేరే గదిలో ఉంచండి. ఫిప్రోనిల్ పిల్లికి విషం కాదు కానీ తడిగా ఉన్నది నాకితే నురగలు కక్కుతుంది.

రేణిగుంట_రోడ్డు

కాలర్‌ను ఎందుకు వెనక్కి నెట్టేశారు? నెలనెలా గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, ఎనిమిది నెలలు వస్తుంది.

మందులపెట్టె

కాలర్లన్నీ ఒకటి కాదు కదండీ. సెరెస్టోలో ఇమిడాక్లోప్రిడ్ 10 శాతం, ఫ్లూమెత్రిన్ 4.5 శాతం. కుక్కలకు ఏడు వారాల వయసు నుంచి, పిల్లులకు పది వారాల నుంచి ఉంది, కాబట్టి పిల్లి పక్కన పడుకున్నా పరవాలేదు. కిల్టిక్స్‌లో ప్రొపాక్సర్, ఫ్లూమెత్రిన్. పిల్లికి కట్టకూడదు, పిల్లి నాకే కుక్కకూ వద్దు. బయట వేలాడే అడ్రస్ లేని కాలర్లలో ఏముందో పెట్టె మీద కూడా రాసి ఉండదు, అవి మర్చిపోండి.

ఎనిమిది నెలలనేది తడి తక్కువ తగిలే కుక్క లెక్క. వారానికోసారి తల స్నానం అంటే ఆ గడువు తగ్గుతుంది, ఫ్లీల మీద మరీ త్వరగా. స్నానం పూట విప్పి, ఒళ్ళు పూర్తిగా ఆరాక కట్టడం మంచిది. మెడకూ కాలర్‌కూ మధ్య రెండు వేళ్ళు దూరాలి. బకిల్ దాటి రెండు సెంటీమీటర్లకు మించి మిగిలింది కత్తిరించేయాలి, లేకపోతే పిల్లో కుక్కపిల్లో దాన్నే నములుతుంది. మొదటి వారం రోజూ కాలర్ కింద వెంట్రుకలు ఎత్తి చూడండి. వలయంలా ఎర్రబడితే, తడిగా అయితే విప్పేయాలి. కాలర్‌లో ఉన్న సుఖమిదే, ఇబ్బందొస్తే తీసేయొచ్చు.

చిత్తూరు_చిన్నక్క

నమిలే మాత్రల్ని మరీ భూతంలా చూడొద్దండి, చదివే మిగతావాళ్ళ కోసం చెబుతున్నా. ఫిట్స్ లేని కుక్కకు, ముఖ్యంగా ఏ చుక్క వేసినా చర్మం కందిపోయేవాటికి, రోజూ నీళ్ళలో దిగేవాటికి మాత్రే నయం. కాకపోతే అది గోమారిని రానీయకుండా ఆపదు. గోమారి కుట్టి రక్తం తాగాకే చస్తుంది, ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. మాత్ర వేసిన మర్నాడు ఒంటి మీద గోమారి కనిపించిందని ఇంకో మాత్ర వేసేవాళ్ళున్నారు, అది ఘోరం.

బ్రేవెక్టో అన్నంతో పాటే ఇవ్వాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటబట్టదు. మొదటిసారి ఏ మాత్రైనా పొద్దున్నే ఇవ్వండి, ఆ రోజంతా కళ్ళముందు ఉంటుంది, డాక్టర్లూ అందుబాటులో ఉంటారు. తిండి అలర్జీ ఉన్న కుక్కైతే రుచి కోసం కలిపినవి చదవండి. కొన్నింటిలో గొడ్డుమాంసం రుచి, కొన్నింటిలో పంది కాలేయం, సోయా ఉంటాయి. చికెన్, బీఫ్ మానేసి ఆరు వారాల తిండి పరీక్ష పెట్టిన కుక్కకు ఈ నమిలే మాత్ర ఒకటి ఇచ్చి పరీక్ష మొత్తం చెడగొట్టడం మామూలే. శాకాహారుల ఇళ్ళల్లో కూడా కొన్నాక పెట్టె చదివి గొడవ, కొనే ముందే చదువుకోండి.

భవానీనగర్_బ్రూనో

ఒక ఇంజెక్షన్‌తో అయిపోతుంది కదా, ఐవర్‌మెక్టిన్. ఇన్ని చుక్కలెందుకు?

మందులపెట్టె

అయిపోయేది గోమార్లే కాకపోవచ్చు. గుండెపురుగు రాకుండా ఇచ్చే ఐవర్‌మెక్టిన్ మోతాదు కిలోకు 6 మైక్రోగ్రాములు. గోమార్లకని పొడిచేది 200 నుంచి 400. మధ్యలో తేడా దాదాపు ముప్పైమూడు నుంచి అరవై ఏడు రెట్లు. కొన్ని కుక్కల్లో మందును మెదడులోకి పోనీకుండా తోసేసే జన్యువు, ఎమ్‌డీఆర్1, చెడి ఉంటుంది. 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు కనుక్కున్నారు. కోలీ, షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో ఎక్కువ, జర్మన్ షెపర్డ్‌లలోనూ కొన్నింటికి ఉంటుంది. అలాంటి కుక్కకు ఈ మోతాదు పడితే కళ్ళు కనబడక, చొంగ కారుస్తూ కోమాలోకి పోతుంది. క్రాస్ కుక్కలో ఏ రక్తం కలిసిందో చూపుతో చెప్పలేం. పైగా గోమార్ల మీద అదేమంత గొప్పగా పనిచేయదు, రోజుల్లోనే బలం తగ్గిపోతుంది. ఆవుల సీసాలోంచి లాగి వేసే ఇంజెక్షనైతే సిరంజిలో ఒక గీత తేడా కూడా చిన్న కుక్కకు పెద్దదే.

కోలీ జాతులకు ఫిప్రోనిల్, సెరెస్టో, ఐసాక్సజొలిన్ మాత్రలు చెప్పిన మోతాదులో వాడొచ్చు.

గచ్చు_గోడ

కుక్క పని తేలింది, ఇల్లు మిగిలింది. ఒంటి మీద మందు ఎంత తక్కువ పడాలనుకుంటే ఇంటి మీద అంత కష్టపడాలి, సున్నితమైన జీవాలున్న ఇంట్లో లెక్క అది.

ముందు గోనెసంచి, పాత దుప్పట్లు తీసేయండి, వీలైతే తగలబెట్టేయండి. పరుపు బదులు ఉతికేందుకు వీలైన ఒక్క మందపాటి దుప్పటి చాలు. వారానికోసారి 60 డిగ్రీలు దాటిన నీళ్ళలో అరగంట నానబెట్టి ఉతికి, మండుటెండలో రెండు వైపులా ఆరేయండి. మన ఏప్రిల్, మే ఎండ ఈ పనికి ఉచితంగా దొరికే మందు. ఫ్లీ పిల్లలు ఎండనూ పొడినీ తట్టుకోలేవు, మంచం కింద నీడలో, మట్టిలో, వానాకాలం చెమ్మలో బతుకుతాయి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి ఆ నెలల్లో ఫ్లీలు ఉప్పెనలా వస్తాయి. సెప్టెంబరులోనే ఇంటి పని ముగించుకోవాలి.

ఫ్లీ ఆడది రోజుకు నలభై, యాభై గుడ్లు పెడుతుంది, అవన్నీ కుక్క నడిచిన చోటల్లా రాలతాయి. గూడు కట్టుకున్న దశలో ఏ స్ప్రే లోపలికి దూరదు, నెలల తరబడి కాచుకుని ఉండి అడుగుల అదురుకు బయటికి దూకుతుంది. అందుకే మందు కొట్టిన రెండు వారాలకు "మళ్ళీ వచ్చాయి" అంటారు. మళ్ళీ రాలేదు, ఉన్నవే బయటపడ్డాయి. వ్యాక్యూమ్ ఉంటే రోజు మార్చి రోజు లాగండి, సంచిని ఇంట్లో ఉంచకుండా కట్టి బయట పడేయండి. లేకపోతే తడిగుడ్డ, అంచుల వెంబడి.

రాతి ప్రహరీలో సందులకు సిమెంటు, సన్న ఇసుక కలిపి కూరాలి. గడప పగుళ్ళకు వైట్ సిమెంటు చాలు. పూడ్చే ముందు ఇనుప బ్రష్‌తో గీకి, మరిగే నీళ్ళు పోయండి, లోపలున్న గుడ్ల గుత్తులు పోతాయి. ఆపైన రెండు పూతలు సున్నం, పగుళ్ళు మూసుకుంటాయి, కొత్తగా పాకేవి తెల్ల గోడ మీద కనిపిస్తాయి. గ్యాస్ మంటతో రాతి సందులు కాల్చేవాళ్ళున్నారు, పక్కనే ఆవులున్నాయి, కొట్టంలో గడ్డి ఉంటుంది కాబట్టి మీరు ఆ పని చేయకండి.

ఇంతా చేసి ఇంకా కనిపిస్తేనే స్ప్రే. ఇళ్ళ గోడలకు కొట్టే డెల్టామెత్రిన్ లేబుల్ కొలతతో, సందుల్లోకి మాత్రమే. గోడంతా కాదు, నేలంతా కాదు. కుక్కనూ పిల్లినీ ఆ పూట వేరే ఇంటికి పంపండి, పూర్తిగా ఆరి, గాలి ఆడాక తీసుకురండి. చేపల తొట్టె ఉంటే మూసి మోటారు ఆపేయాలి, చేపలకు ఇది పరమ విషం. రెండు వారాలకు మరోసారి కొడితే కొత్తగా పొదిగినవి పోతాయి.

గేటు బయట వీధి కుక్కలకు అన్నం పెడుతుంటే గిన్నె గేటుకు కనీసం పది పదిహేను అడుగుల దూరం జరపండి.

కరకంబాడి_గట్టు

ఇంత వివరంగా చెప్పారు, సంతోషం. పిల్లికి ఏం వేయాలి? దానికి గోమార్లు లేవు, ఫ్లీలు మాత్రం దువ్వెనకు వచ్చాయి.

పిల్లిపిన్ని_తిరుచానూరు

పిల్లుల పిపెట్ వేరే ఉంటుంది, 0.5 మి.లీ., ఎనిమిది వారాలు దాటినవాటికి. కుక్క పిపెట్లోంచి కొంచెం తీసి పిల్లికి వేయడమనేది జన్మలో చేయొద్దు. ఫిప్రోనిలే అయినా కొలత తేడా, ఇక పర్మెత్రిన్ కలిసిందైతే ప్రాణమే పోతుంది. సెలమెక్టిన్ చుక్కలు కూడా పిల్లులకు మంచివి, చెవి పురుగులకు కూడా పనిచేస్తాయి. రెండూ ఒకేసారి వద్దు, ఒకటే ఎంచుకోండి.

పిల్లికి చోటు తల వెనక, పుర్రె కింద, నాలుక అందనంత పైన. భుజాల మధ్య వేస్తే మెడ తిప్పి నాకేస్తుంది.

పొరపాటున కుక్క మందు తగిలితే ఆనవాళ్ళు: చెవులు అదరడం, ఒళ్ళు జలదరింపు, చొంగ, వెనక కాళ్ళు తడబడటం, తర్వాత ఆగని వణుకు. గంటల్లోనే మొదలవుతుంది, ఒక్కోసారి రెండు మూడు రోజులకు కూడా. గిన్నెలు తోమే ద్రవం, గోరువెచ్చటి నీళ్ళతో మందు పడిన చోటు కడగండి. వేడి నీళ్ళు వద్దు, మందు ఇంకా లోపలికి పోతుంది. మంచు నీళ్ళు వద్దు, వణుకు పెరుగుతుంది. పాలు పోయొద్దు, కక్కించొద్దు. టవల్లో చుట్టి, మందు పెట్టె చేత్తో పట్టుకుని ఆసుపత్రికి. పెట్టె ఉంటే డాక్టరు ఊహించాల్సిన పని ఉండదు.

వేపనూనె, పసుపు, కిరోసిన్ అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. పలచన వేపనూనె కుక్కకు కాస్త వాసనకు దూరం పెడుతుందేమో, ఉన్న గోమారిని చంపదు. కిరోసిన్ చర్మాన్ని కాల్చేస్తుంది. కర్పూరం, టీ ట్రీ నూనె, నల్ల ఫినాయిల్, ఇవన్నీ పిల్లికి విషాలే. నేల ఫినాయిల్‌తో తుడిచి, ఆరకముందే పిల్లి నడిచి కాళ్ళు నాకితే చాలు. నాఫ్తలిన్ గుండ్లు పరుపు కింద పెట్టడం కూడా ఇదే బాపతు.

పాకాల_పాడి

ఐదు వారాల కుక్కపిల్లలకు ఏంది దారి? తల్లి ఒంటి నిండా ఉండాయి.

మందులపెట్టె

ఆ వయసుకు చుక్కలు, మాత్రలు, చాలా కాలర్లు ఏవీ లేవు. ఫిప్రోనిల్ స్ప్రే 0.25 శాతం మాత్రం పుట్టిన రెండో రోజు నుంచి వాడొచ్చు. కిలోకు 3 నుంచి 6 మి.లీ. 100 మి.లీ. సీసా ఒక్క నొక్కుకు అర మిల్లీలీటరు, అంటే కిలోకు 6 నుంచి 12 నొక్కులు. 250 సీసా నొక్కుకు 1.5 మి.లీ., కిలోకు 2 నుంచి 4. రెండు సీసాల లెక్క కలిపేసి మూడింతలు కొట్టేస్తారు, జాగ్రత్త.

చేతికి గ్లవ్ వేసుకుని, వెంట్రుకలకు ఎదురు కొట్టి చేత్తో రుద్దాలి. ముఖానికి నేరుగా కొట్టొద్దు, గ్లవ్ మీద కొట్టుకుని పూయాలి. ఇందులో ఉండేది స్పిరిట్ లాంటి ఆల్కహాల్. పుండు ఉన్న చోట మంటపుడుతుంది, దేవుడి దీపం, పొయ్యి, అగరబత్తి దగ్గర కొట్టకూడదు. పిల్లలు తడికి చల్లబడిపోతాయి, గాలి ఆడే వెచ్చని చోట పూర్తిగా ఆరాకే తల్లి దగ్గరికి వదలండి. 800 గ్రాముల పిల్లకు కావాల్సింది రెండున్నర మిల్లీలీటర్లు, అంతే. అదే 19 కిలోల కుక్కకైతే కనీసం 57 మి.లీ., 114 నొక్కులు! పెద్ద కుక్కకు స్ప్రే ఎవరూ చెప్పకపోవడానికి కారణం ఇదే.

కుందేళ్ళు పెంచేవాళ్ళు ఫిప్రోనిల్ దగ్గరికి రానీయకండి, వాటికి ప్రాణాంతకం.

చూలు కుక్కకైతే లేబుల్ మీద చూలు గురించి రాసి ఉన్నదే వాడాలి, అమిట్రాజ్ వద్దు. షుగర్ ఉన్న కుక్కకు కూడా అమిట్రాజ్ వద్దు, రక్తంలో చక్కెర పెంచుతుంది.

చిత్తూరు_చిన్నక్క

ఉన్న గోమార్లను పీకేటప్పుడు: సన్న మొన ట్వీజర్, చర్మానికి ఆనించి తల దగ్గర పట్టి, తిప్పకుండా నిదానంగా తిన్నగా పైకి. పొట్ట నొక్కితే దాని కడుపులోది కుక్క రక్తంలోకి పోతుంది. అగ్గిపుల్ల, కిరోసిన్, వాజలిన్ ఏవీ వద్దు. పీకినవి సబ్బు నీళ్ళ సీసాలో వేయండి, గోటితో చిదమొద్దు. చెవి మడత లోపల, వేళ్ళ మధ్య పొర, పెదవి అంచు, తోక కింద, ఈ నాలుగు చోట్లు వదిలేస్తారు.

ఇంకొకటి, ఇది మీ కుక్కకు ముఖ్యం. గోమార్ల వల్ల ఎర్లికియా, బబేసియా అనే రక్తపు జబ్బులు వస్తాయి. మందకొడితనం, తిండి మానడం, జ్వరం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కులో రక్తం, టీ డికాషన్ రంగు మూత్రం. ఫినోబార్బిటోన్ తినే కుక్క ఎలాగూ మత్తుగా ఉంటుంది కాబట్టి మొదటి ఆనవాలు మాత్ర మీదకు నెట్టేస్తారు. రోజూ ఒకే వేళకు చిగుళ్ళు చూడండి, అనుమానమొస్తే థర్మామీటర్ పెట్టండి. కుక్కకు 102.5 ఫారన్‌హీట్ దాటితే ఆలోచించాలి, 103 దాటితే ఆసుపత్రి. అక్కడ రక్తకణాల లెక్క, ప్లేట్‌లెట్లు, రక్తపు స్మియర్ (గాజు పలక మీద రక్తం పూసి చూసే పరీక్ష) అడగండి. ఫినోబార్బిటోన్ వాడుతున్నట్టు రక్తం తీసేముందే చెప్పాలి. ఆ మందు కాలేయం లెక్కల్లో ఏఎల్‌పీని పెంచుతుంది, అరుదుగా ప్లేట్‌లెట్లనూ తగ్గిస్తుంది, చదివేవాళ్ళకు తెలియకపోతే దారి తప్పుతారు. తిరుపతిలో వెటర్నరీ కాలేజీ 1955 నుంచీ ఉంది, స్మియర్ చదవగలిగే చేతులు మనకు దగ్గర్లోనే ఉన్నాయి, వాడుకోండి.

కరకంబాడి_గట్టు

అయితే ఆదివారం స్నానం, బుధవారం కుక్కకు 1.34 పిపెట్. పిల్లికి అదే రోజు వేయొచ్చా, వేరే రోజా?

పిల్లిపిన్ని_తిరుచానూరు

వేరే రోజు వేయండి. ఒకే రోజు వేసి రెండింటిలో ఎవరికైనా ఏదైనా అయితే ఏది దేన్ని నాకిందో తెలియదు. ముందు పిల్లికి వేసి రెండు రోజులు చూడండి, తర్వాత కుక్కకు. ఆ రెండు పూటలూ పడక గది తలుపు మూసేయండి, పిల్లి అరుస్తుంది, అరవనివ్వండి.

మందులపెట్టె

వేసిన తేదీ, బరువు, పిపెట్ మీద బ్యాచ్ నంబరు, ఆ నెలలో ఫిట్స్ వచ్చిన తేదీలు క్యాలెండర్ మీద ఒకే గడిలో రాయండి. మూడు నెలలకు డాక్టరు ముందు పెడితే ఫిట్స్ పెరిగాయా లేదా అనేది ఆయనే చూసుకుంటారు. ఖాళీ పిపెట్‌ను కాలువలో వేయొద్దు, ఫిప్రోనిల్ చేపలకూ తేనెటీగలకూ చెడ్డది. కవర్లో చుట్టి చెత్తబండికి ఇవ్వండి.